అరువు పుస్తకాల డిగ్రీ

నేను పాఠాలు చెప్పిన పాలిటెక్నిక్‌లో డిగ్రీ కోర్సు పెట్టవచ్చా లేదా అని తేల్చడానికి నలుగురు సభ్యుల కమిటీ వచ్చిన రోజున నేనొక తప్పుడు పని చేసి ఇరుక్కుపోయాను. నా నిర్వాకానికి ఆ డిగ్రీ పోవలసింది, నా ఉద్యోగం పోవలసింది, అన్నిటికంటే ముఖ్యంగా ఒకామె చదువు పోవలసింది. ఏదీ పోలేదు. ఎందుకు పోలేదో తలుచుకున్నప్పుడల్లా నా గొప్పేమీ లేదని మాత్రం స్పష్టంగా తెలుస్తుంది. ఇద్దరు ముగ్గురు మంచివాళ్ళ చేతుల్లో పడ్డాను, అంతే.

2000ల మొదట్లో మేము ఈ దేశం వచ్చాం. అప్పటికి సిటీ శివారులో మేము దిగిన ఫ్లాట్ బుష్‌లో సగం ఇళ్ళకు పైకప్పులు పడలేదు, మా వీధికి పేరు పలక కూడా లేదు. మా ఆయనకు సాఫ్ట్‌వేర్‌లో ఉద్యోగం దొరికింది. నేను గుంటూరు జిల్లాలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో తొమ్మిదేళ్ళు కంప్యూటర్ పాఠాలు చెప్పి వచ్చినదాన్ని. సిటీ సెంటర్‌లోని ఏదో ఒక యూనివర్సిటీ నా కోసం తలుపులు తీసుకుని కూర్చుంటుందని అనుకున్నాను. ఎవరూ తీయలేదు. చివరికి పిలిచి ఉద్యోగమిచ్చింది మా ఇంటికి పావుగంట దూరంలో ఉన్న ఒక చిన్న పాలిటెక్నిక్. ఒక పక్క వడ్రంగం, వెల్డింగ్. ఇంకో పక్క వంట, జుట్టు కత్తిరించడం. మధ్యలో నాలుగు గదుల్లో మా కంప్యూటర్ డిప్లొమా.

మొదటి రోజు కారు దిగేసరికి రంపపు పొట్టు వాసనా వెల్లుల్లి వేగుతున్న వాసనా కలిసి వచ్చాయి. నాకు ఏడుపొచ్చింది. మన వైపు పాలిటెక్నిక్ అంటే ఇంజనీరింగ్ సీటు రానివాళ్ళు చేరే చోటని కదా మన బుర్రల్లో ఉన్నది. శనివారం భోజనాల్లో తెలిసినవాళ్ళు "ఏంటండీ, వడ్రంగి కాలేజీలో చేరారంట?" అని నవ్వేవారు. నేనూ పైకి నవ్వి, ఇంటికొచ్చాక గిన్నెలు గట్టిగా పడేసేదాన్ని. మా ఆయన పాపం ఏ గిన్నె ఎవరి మీద కోపంతో పడిందో చప్పుడుని బట్టి చెప్పగలిగేవాడు.

ఆ చులకన నాలో ఆర్నెల్లు కూడా నిలవలేదు. మా క్లాసులో కూర్చునేవాళ్ళు ఇంటర్ పాసై నాన్న ఫీజు కడితే వచ్చిన పిల్లలు కారు. ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాళ్ళు, బస్సు డ్రైవర్లు, మనవల్ని కిండర్‌గార్టెన్‌లో దింపి వచ్చే సమోవా దీవుల అమ్మమ్మలు. ఒక్క ప్రశ్న అర్థం కాకపోతే వదిలేవాళ్ళు కారు. గుంటూరులో నేను తొమ్మిదేళ్ళు బోర్డుకి పాఠం చెప్పాను, ఇక్కడ మొదటిసారి మనుషులకు చెప్పాను. అక్కడ నాకు మంచి లెక్చరర్ అని పేరు. ఇక్కడ నాకు చదువు చెప్పడం రాదని తెలిసింది, నేర్చుకోవచ్చని కూడా తెలిసింది.

నేర్పింది మా హెడ్. అరవైకి దగ్గరపడిన కివీ, అంటే ఈ దేశపు ఆవిడ. టైపింగ్ టీచరుగా చేరి ఆ విభాగానికి పెద్ద అయింది. సెలవుల్లో గొర్రెలు మేపుకునేది, సోమవారం బూట్లకు మట్టితోనే వచ్చేది. పేరు పెట్టి పిలవమని ఎన్నిసార్లు చెప్పినా నాకు నోరు తిరగక "మేడం" అనే అనేదాన్ని. ఆవిడ చివరికి విసిగి నన్నూ "మేడం" అనడం మొదలుపెట్టింది.

నా క్లాసులో మన తెలుగామె ఒకామె ఉండేది. కరీంనగర్ వైపు మనిషి, నాకంటే నాలుగైదేళ్ళు చిన్న. బీఎస్సీ రెండో ఏట పెళ్ళయి చదువు ఆగిపోయింది. ఇక్కడ ఒక సూపర్‌మార్కెట్ బేకరీలో తెల్లవారుజామున మొదలయ్యే షిఫ్టు. పదకొండున్నరకు దిగి, బన్నుల వాసనతోనే పన్నెండున్నర క్లాసుకు వచ్చేది. మూడింటికి పిల్లల స్కూలు. భర్త ఎయిర్‌పోర్టులో సామాన్లు ఎత్తే పనిలో ఉండేవాడు, మంచి మనిషి, కానీ ఇంట్లో ఉన్న ఒక్క కారూ ఆయన షిఫ్టుకే పోయేది. ఆ రోజుల్లో నేను చూసిన ప్రోగ్రాముల్లో ఆమె రాసినంత శుభ్రంగా రాసినవాళ్ళు లేరు. ఒక గీత ఎక్కువ ఉండేది కాదు.

రెండేళ్ళ డిప్లొమా అయ్యాక డిగ్రీ కావాలంటే మా దగ్గరివాళ్ళు సిటీలో యూనివర్సిటీకి వెళ్ళాలి. దారి ఉంది, వాళ్ళతో మాకు ఒప్పందం కూడా ఉంది. వెళ్ళేవాళ్ళే లేరు. ఆమెను నేను ఒకసారి వెళ్ళమని గట్టిగా కోప్పడ్డాను కూడా.

"రెండు బస్సులు మారాలె మేడం," అంది. "పొద్దున తొమ్మిదింటికి క్లాసంట. తొమ్మిదింటికి నేను బ్రెడ్డు కోస్తుంట. నౌకరి ఇడిస్తె ఇల్లెట్ల నడవాలె? మీరు కోపం చేస్తె నాకు దారి దొరుకుతదా?"

నిజమే. నా కోపానికి ఎక్కడా బస్సు రూటు లేదు. ఈ సంగతి నేను హెడ్‌తో చెప్పాను. ఇలాంటివాళ్ళు మరో పదిమంది ఉన్నారని ఆవిడకు నాకంటే ముందే తెలుసు. "వాళ్ళు డిగ్రీ దగ్గరికి వెళ్ళలేకపోతే డిగ్రీనే ఇక్కడికి తెద్దాం," అంది, పాలు ఇటు ఇవ్వమన్నంత మామూలుగా. అలా మా పాలిటెక్నిక్ కంప్యూటర్ డిగ్రీకి దరఖాస్తు పెట్టింది. కోర్సుకు ఇన్‌చార్జిగా నన్ను అనుకున్నారు. డిప్లొమా అయిపోయినవాళ్ళకు నేరుగా మూడో ఏడాదిలో సీటు. అందులో మొదటి పేరు ఎవరిదో నాకు ముందే తెలుసు.

దరఖాస్తు అంటే లావుపాటి ఫైలు. అందులో హెడ్ స్వయంగా రాసిన ఒక భాగం చూసి నాకు మతిపోయింది. "మాకు లేనివి" అని దాని అర్థం. మూడో ఏడాదికి కావలసిన పుస్తకాలు మా లైబ్రరీలో లేవు, కొనడానికి ప్రణాళిక ఇది. ఐదుగురు టీచర్లలో ఇద్దరికే మాస్టర్స్ ఉంది. పరిశోధన చేసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఇలా రెండు పేజీలు. తప్పులు దిద్దమని నాకిస్తే నేను ఎర్ర పెన్నుతో ఆ రెండు పేజీలూ అడ్డంగా కొట్టేసి ఇచ్చాను.

"ఇదెందుకు కొట్టేశావు?"

"మన కాలు మనమే నరుక్కుంటామా మేడం? వాళ్ళు కనిపెడితే కనిపెట్టనివ్వండి."

ఆవిడ చాలాసేపు నవ్వింది. "వాళ్ళు వచ్చేది మనల్ని పట్టుకోవడానికి కాదు. మనకేం కావాలో చూడటానికి," అని నేను కొట్టేసినదంతా మళ్ళీ టైపు చేయించింది. నాకు ఒళ్ళు మండిపోయింది. గొర్రెల మధ్య తిరిగి తిరిగి ఈవిడకు లోకం తెలియకుండా పోయింది అనుకున్నాను. నా మనసులో ఆ మాట అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఎందుకంటే నాకు తెలిసిన లోకం వేరు. గుంటూరులో మా కాలేజీకి ఇన్‌స్పెక్షన్ అంటే పెళ్ళివారి హడావుడి. గోడలకు సున్నం, గేటుకు తోరణం. లాబ్‌లో లేని మిషన్లు మేనేజ్‌మెంట్ వాళ్ళ ఇంకో కాలేజీ నుంచి లారీలో వచ్చేవి, ఇన్‌స్పెక్షన్ అయిన సాయంత్రం అదే లారీలో వెనక్కి వెళ్ళేవి. ఎక్కడో ఉద్యోగాలు చేసుకుంటున్న లెక్చరర్లు ఆ ఒక్క రోజుకు మా స్టాఫ్ రూములో టీ తాగేవారు. లైబ్రరీ పని నాది. అట్టపెట్టెల్లో వచ్చిన పుస్తకాలకు మా కాలేజీ ముద్ర వేసి, కొత్తగా కనబడకుండా పేజీలు నలిపి, బీరువాల్లో సర్దడంలో నన్ను మించినవాళ్ళు లేరని ప్రిన్సిపాల్ గారు మెచ్చుకునేవారు. వచ్చిన పెద్దమనుషులకూ ఇదంతా తెలుసు. వాళ్ళ కాలేజీల్లో వాళ్ళూ అదే చేసేవాళ్ళు. దాన్ని మోసం అని మాలో ఎవరమూ అనుకోలేదు. ఇంటికి చుట్టాలు వస్తే పక్కింటి కుర్చీలు తెచ్చి వేయడం లాంటిదే అనుకున్నాం.

కమిటీ రావడానికి వారం ముందు హెడ్ తండ్రికి ఒంట్లో బాగాలేదని ఆవిడ విమానమెక్కి ఈ దేశపు దక్షిణ దీవికి వెళ్ళింది. సందు దొరికింది నాకు. ఫ్లాట్ బుష్‌లో మన సాఫ్ట్‌వేర్ వాళ్ళ గరాజుల్లో ఇండియా నుంచి ఓడలో వచ్చి ఇంకా విప్పని అట్టపెట్టెలు ఎన్ని ఉన్నాయో నాకు తెలుసు. అన్నిటిలోనూ చదువుకునే రోజుల టెక్స్‌టుబుక్కులే. ఆదివారమంతా కారులో తిరిగి ఎనభై పైగా పుస్తకాలు అడిగి తెచ్చాను. "వారం రోజులకే వదినా, మళ్ళీ తెచ్చిస్తాను," అని ఇంటింటా మాటిచ్చాను.

"నీకెందుకే ఈ గొడవ? ఆవిడ లేవని రాసింది కదా. లేవంటే లేవు," అన్నాడు మా ఆయన, డిక్కీలోంచి పెట్టెలు దింపుతూ.

"మీకు ఇన్‌స్పెక్షన్ల సంగతి తెలీదు, మీరూరుకోండి," అన్నాను.

సోమవారం మధ్యాహ్నం క్లాసయ్యాక మన కరీంనగర్ ఆమెను సాయం పిలిచాను. లైబ్రరీ బీరువాలో కాలేజీ లేబుళ్ళు ఉంటాయి, అవి తెచ్చి అంటించాం. మన పుస్తకాలన్నీ చవక ముద్రణలు. భారతదేశంలోనూ చుట్టుపక్కల దేశాల్లోనూ తప్ప అమ్మకూడదని అట్ట మీదే అచ్చు వేసి ఉంటుంది. ప్రతి లేబుల్నీ సరిగ్గా ఆ అక్షరాల మీద అంటించి, నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆమె ఒక పుస్తకం తెరిచి ఆగింది. "మేడం, ఇండ్ల పసుపున్నది."

మొదటి పేజీకి నాలుగు మూలలా పసుపు, పైన శ్రీకారం, మధ్యలో కుంకుమ బొట్టు. దసరాకి సరస్వతి పూజలో పెట్టిన పుస్తకం. అలాంటివి ఇంకా చాలా ఉన్నాయి.

"మొదటి పేజీ ఎవరు చూస్తారమ్మా, అంటించు."

ఆమె అంటించింది, కానీ చేతులు నెమ్మదించాయి. "మేడం, ఆళ్ళు మమ్మల్ని గూడ అడుగుతరంట గద. పుస్తకాలున్నయా అని నన్నడిగితె ఏం జెప్పాలె?"

"అన్నీ ఉన్నాయి, ఏ ఇబ్బందీ లేదు అని చెప్పాలి." ఆమెతో రెండుసార్లు అనిపించాను కూడా. ఇదంతా ఆమె కోసమే కదా అని నా ధైర్యం. ఆమె తల ఊపింది.

కమిటీ వచ్చిన రోజు ఉదయం ఈ దేశపు మూలవాసులైన మావోరీల పద్ధతిలో స్వాగతం. వచ్చినవాళ్ళను పిలిచి కూర్చోబెట్టి, పెద్దలు మాట్లాడాక, మేమంతా నిలబడి పాట పాడాలి. నేను ఆ మావోరీ పాటను తెలుగు అక్షరాల్లో రాసుకుని పెట్టుకున్నాను. భలే అమరిపోయింది మన లిపిలో. కమిటీకి పెద్దగా దక్షిణ దీవిలోని డునెడిన్ నుంచి ఒక ప్రొఫెసర్ వచ్చారు, సన్నగా పొడుగ్గా, మాట తక్కువ. ఆయన పక్కన ఒక మావోరీ పెద్దావిడ. ముక్కూ నుదురూ ఆనించి పలకరించినప్పుడు ఆవిడ నా చెయ్యి వదలకుండా, "నీ గొంతు బాగుంది," అంది. ఆ మాటకు నాకు కొండెక్కినంత సంబరం.

పదకొండింటికి లైబ్రరీ. హెడ్ ముందు రోజే ఊరి నుంచి వచ్చింది, ఈ బీరువాలు ఆవిడ కూడా అప్పుడే చూడటం. ప్రొఫెసర్ గారు చేతిలోని ఫైలు చూసి, పుస్తకాలు చూసి, మళ్ళీ ఫైలు చూశారు. "మూడో ఏడాది పుస్తకాలు లేవని రాశారే. ఇవి ఉన్నాయి కదా," అన్నారు. గొంతులో అనుమానం లేదు, సంతోషమే ఉంది. హెడ్ నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను.

పెద్దావిడ ఒక పుస్తకం తీసి తెరిచింది. సరిగ్గా అదే పేజీ. పసుపు మూలల మీద వేలు పెట్టబోయి ఆగింది. పుస్తకాన్ని రెండు చేతులతో పట్టుకుని, మెల్లగా అడిగింది. "ఇది ఎవరో ప్రార్థనలో పెట్టిన పుస్తకంలా ఉంది. ఎవరిది?"

ఆవిడ గద్దించి అడిగితే నేను నిజం చెప్పేదాన్నేమో. అంత గౌరవంగా అడిగేసరికి నోటికి అబద్ధమే వచ్చింది. "మా వాళ్ళు కాలేజీకి ఇచ్చేశారండీ. దానంగా," అన్నాను. ఆవిడ ముఖం వెలిగింది. "ఎంత మంచివాళ్ళు," అని పుస్తకాన్ని జాగ్రత్తగా పెట్టింది. ప్రొఫెసర్ గారు ఫైల్లో ఏదో రాసుకున్నారు.

గుంటూరులో అన్ని ఇన్‌స్పెక్షన్లలో నాకు ఎన్నడూ చెమట పట్టలేదు. ఆ పూట పట్టింది. అక్కడ అందరూ ఆటే ఆడేవారు. ఇక్కడ నేనొక్కదాన్నే ఆడుతున్నాను, మిగతావాళ్ళు నిజంగానే మాట్లాడుతున్నారు. ఆ సంగతి నాకు ఆ క్షణందాకా బుర్రకెక్కలేదు.

తర్వాత భోజనం. కమిటీ వాళ్ళు విద్యార్థులతో కలిసి తింటారు, టీచర్లు ఉండకూడదు. ఐదుగురు విద్యార్థులు లోపలికి వెళ్ళారు. చివర వెళ్ళిన మన ఆమె గుమ్మంలో నా వైపు చూసింది. తలుపు మూసుకుంది. అప్పుడు అర్థమైంది నేను చేసిన పని. ఆమెను అడుగుతారు. నిజం చెబితే నేను అబద్ధాలకోరునని తేలిపోతుంది, డిగ్రీ పోతుంది. నేను నేర్పినట్టు చెబితే ఆమె చదువు అబద్ధంతో మొదలవుతుంది. ఆమెకు దారి దొరకాలని ఊరంతా తిరిగినదాన్ని, ఆమెను అటూ ఇటూ కదలలేని చోట నిలబెట్టాను.

హెడ్ కారిడార్‌లోనే ఉంది. అంతా చెప్పేశాను. గరాజులు, లేబుళ్ళు, దానం, ఆమెకు నేర్పిన జవాబు, ఏదీ దాచలేదు. ఆవిడ తిడుతుందని చూశాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"ఎనభై పుస్తకాలా? ఒక్క రోజులో?"

"అవును మేడం."

"మనకు ఉన్న బడ్జెట్‌తో నేను రెండేళ్ళలో కూడా అన్ని కొనలేను," అంది. తర్వాత గొంతు మారింది. "చాలా పెద్ద తప్పు చేశావు. లోపలికెళ్ళి నువ్వే చెప్పు. పద, నేనూ వస్తాను."

నా తరఫున తానే చెప్పి ఉండవచ్చు. లేదా తనకేమీ తెలియదని పక్కకు తప్పుకుని ఉండవచ్చు, అదే నిజం కూడా. రెండూ చేయలేదు. నాతో నడిచి వచ్చింది, అంతే. ఈ దేశంలో నేను తీసుకున్న జీతాలన్నిటికంటే ఆ పదిహేను అడుగులకే నేను ఎక్కువ రుణపడ్డాను.

తలుపు తట్టి లోపలికి వెళ్ళాం. మన ఆమె ముందున్న ప్లేటు ముట్టుకోలేదు. తల వంచుకుని కూర్చుంది. ప్రొఫెసర్ గారు మమ్మల్ని చూసి, "మంచి సమయానికి వచ్చారు," అన్నారు. "పుస్తకాల గురించి అడిగితే ఈమె జవాబు చెప్పడం లేదు. ఆ ఒక్క ప్రశ్న మా మేడంని అడగండి అంటోంది."

అబద్ధం చెప్పలేదు. నన్ను పట్టివ్వలేదు. ఆ ప్రశ్నను నా కోసం అలాగే ఉంచింది.

నిలబడే చెప్పాను. నా ఇంగ్లీషు మామూలుగా బాగానే ఉంటుంది, ఆ రోజు ముక్కలు ముక్కలుగా వచ్చింది. పుస్తకాలు అరువు తెచ్చాననీ, దానం అన్నది అబద్ధమనీ, హెడ్‌కు తెలియదనీ, ఆమెకు జవాబు నేనే నేర్పాననీ చెప్పాను. పెద్దావిడను చూసి, "మీరు పట్టుకున్న పుస్తకం నిజంగానే పూజలో పెట్టిందే, అది మాత్రం అబద్ధం కాదు," అన్నాను. ఎందుకన్నానో తెలియదు. హెడ్ ఒక్క మాటే అంది. "ఇది నా విభాగం. తను చేసినదానికి జవాబుదారీ నాదే."

ప్రొఫెసర్ గారు పెన్ను కింద పెట్టారు. అప్పుడు మన ఆమె తల ఎత్తింది. "ఇప్పుడు నన్ను అడగండి, చెబుతాను," అంది, తనకొచ్చిన ఇంగ్లీషులో. పుస్తకాలు ఇక్కడ లేవని చెప్పింది. కావలసినవి సిటీ లైబ్రరీలో ఉన్నాయనీ, శనివారాలు ఇద్దరు పిల్లల్నీ తీసుకుని బస్సులో వెళ్ళి, వాళ్ళు బొమ్మల పుస్తకాలు చూస్తుంటే తను నోట్సు రాసుకుంటుందనీ చెప్పింది. తన షిఫ్టు, తన బస్సులు, స్కూలు వదిలే టైము అన్నీ వరసగా చెప్పింది. తను ప్రోగ్రాము రాసినట్టే, ఒక మాట ఎక్కువ లేదు.

"పుస్తకం లేకపోతే వెతికి తెచ్చుకుంటాను. క్లాసు ఇక్కడ లేకపోతే మాత్రం నేను చదవలేను. మా మేడం అబద్ధం నా వల్లే చెప్పింది. తప్పే. కానీ నా కోసం ఇంత తప్పు చేసేంతగా ఇంతకుముందు ఎవరూ నన్ను పట్టించుకోలేదు."

నేను అక్కడ నిలబడలేకపోయాను. క్షమించమని బయటికి వచ్చి, వంట విభాగం వెనక చెత్తడబ్బాల దగ్గర నిలబడి ముక్కు చీదుకున్నాను. అక్కడ ఉల్లిపాయలు తరుగుతున్న ఒకాయన నా వైపు సానుభూతిగా చూసి, తన కళ్ళు కూడా మండుతున్నాయన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం కమిటీ తన మాట చెప్పింది. డిగ్రీకి ఒప్పుకున్నారు, షరతులతో. క్లాసులు మొదలయ్యేలోపు పుస్తకాలు నిజంగా కొని బీరువాల్లో ఉంచాలి. మొదటి సెమిస్టరు ఇన్‌చార్జి నేను కాదు, ఇంకొకరు. నేను పరిశోధన మొదలుపెట్టాలి. ప్రొఫెసర్ గారు ఆ పని తన విభాగంలోనే చేయమన్నారు, గైడుగా తానే ఉంటానన్నారు. తమను నమ్మించింది "మాకు లేనివి" అన్న ఆ రెండు పేజీలే అని కూడా చెప్పారు. తమ లోపాలు ఇంత శుభ్రంగా తెలిసిన చోట మిగతావన్నీ సర్దుకుంటాయట. నేను ఎర్ర పెన్నుతో కొట్టేసిన పేజీలు! హెడ్ నా వైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడింది.

వెళ్ళేముందు పెద్దావిడ నా దగ్గరికి వచ్చింది. "ఆ పుస్తకాలు ఎవరివి వాళ్ళకు తిరిగి ఇచ్చెయ్యి," అంది. "ఇచ్చేటప్పుడు నిజంగా దానం ఇస్తారేమో అడుగు." ఆ తర్వాతి ఆదివారం అలాగే అడిగాను, జరిగినదంతా చెప్పి మరీ. కొంతమంది నవ్వారు, ఒకరిద్దరు నొచ్చుకున్నారు. అరవై పుస్తకాలు మిగిలాయి మాకు.

కానీ అది తర్వాతి మాట. కమిటీ ఒప్పుకున్న మర్నాడు శనివారం. పొద్దున్నే నేను ఆమె పనిచేసే సూపర్‌మార్కెట్‌కు వెళ్ళాను. ఫోనులో చెప్పాలనిపించలేదు. అప్లికేషన్ ఫారం బ్యాగులో పెట్టుకున్నాను. తెల్ల టోపీ పెట్టుకుని, చేతులకు ప్లాస్టిక్ తొడుగులతో, వేడి బన్నులు చల్లార్చి కవర్లలో వేస్తోంది. నన్ను చూసి చేతిలో కవరు అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

"ఒప్పుకున్నారమ్మా. ఫిబ్రవరిలో క్లాసులు," అన్నాను. ఆమె ఎగిరి గంతేస్తుందనో, ఏడుస్తుందనో అనుకున్నాను. ముఖంలో ఏమీ కదల్లేదు.

"మీ నౌకరి?" అంది.

"ఏంటి?"

"మీ నౌకరి ఉన్నదా మేడం? పోయిందా? ముందుగాల అది చెప్పుండ్రి. మా మేడంని అడుగుండ్రి అని నేనే అన్న. నా నోటితోని నేనే మిమ్మల్ని ఇరికిచ్చిన. రెండు రోజులసంది నాకు అన్నం పోతలేదు."

ఆ రెండు రోజులూ నేను ఆమె చదువు గురించి, నా పరువు గురించి, కాలేజీ గురించి ఆలోచించాను. ఆమె నా గురించి ఆలోచించిందని నాకు కలలో కూడా తట్టలేదు. చదువు నిలుస్తుందో లేదో తెలియని మనిషి, నా వల్లే ఆ చిక్కులో పడిన మనిషి, నా ఉద్యోగం కోసం అన్నం మానేసింది.

"ఉందమ్మా," అన్నాను. "నా ఉద్యోగం ఉంది. ఎక్కడికీ పోలేదు."

అప్పుడు ఏడ్చింది, బన్నుల బండి మీద తల ఆనించి, టోపీ జారిపోయేలా. నేను కౌంటరు దాటి అటువైపు వెళ్ళకూడదని బోర్డు ఉంది. వెళ్ళాను.